కాలి రక్తనాళం మూసుకుపోతే ఏ స్కాన్: డాప్లరా, సీటీనా, ఎమ్మారైనా, నేరుగా యాంజియోనా?

మన తెలుగులో ఒక చిక్కుంది. రక్తం మోసేదీ నరమే, స్పర్శ మోసేదీ నరమే, చేతి మీద నీలంగా తేలేదీ నరమే. “కాలికి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోయింది” అని డాక్టరు చెబితే, ఇంటికి వచ్చేసరికి అది “నరం బ్లాక్ అయిందట” అయిపోతుంది. గుంటూరులో ఒక స్కానింగ్ సెంటర్లో పదిహేనేళ్లకు పైగా పనిచేస్తున్నాను. ఈ ఒక్క మాట వల్ల జనం ఎంత డబ్బు పోగొట్టుకుంటారో రోజూ చూస్తుంటాను.

పోయిన వేసవిలో పల్నాడు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అరవై ఎనిమిదేళ్లు. షుగరు, రోజుకో కట్ట బీడీలు. కుడికాలి బొటనవేలి పక్కన చిన్న పుండు, రెండు నెలలైనా మానడం లేదు. కొడుకు చేతిలో అప్పటికే రెండు రిపోర్టులు ఉన్నాయి. ఒకటి వీనస్ డాప్లర్, అంటే రక్తాన్ని గుండెకు తిప్పి తీసుకెళ్లే సిరలను అల్ట్రాసౌండ్‌తో చూసేది; వాటిలో గడ్డలేవీ లేవని. రెండోది నర్వ్ కండక్షన్ పరీక్ష, షుగరు వల్ల నరాల పనితీరు తగ్గిందని. రెండూ నిజమే. కానీ పుండు దాకా రక్తం అందుతోందా లేదా అన్నది ఆ రెండింట్లోనూ లేదు. “నరాల స్కాన్ చేయించమన్నారండీ, చేయించాం” అంటాడు కొడుకు. పెద్దాయన పాదాల మీద చేతులు పెట్టి చూశాను. ఎడమది వెచ్చగా ఉంది. కుడిది మట్టికుండను ముట్టుకున్నట్టు చల్లగా ఉంది.

కాబట్టి ధరల సంగతికి ముందు చీటీ చూసుకోండి. దాని మీద “ఆర్టీరియల్” అని ఉండాలి, అంటే కాలికి రక్తం తెచ్చే ధమనులకు అని. ఉత్త “డాప్లర్” అనే ఉంటే, ధమనులకా సిరలకా అని రాసిన డాక్టరుకే ఫోన్ చేసి అడగండి. కౌంటర్లో కూర్చున్నవాళ్లను అడిగి తేల్చుకోకండి.

బొమ్మ కంటే ముందు బీపీ పట్టీ

కాలికి రక్తం తగ్గిందా లేదా అని తేల్చడానికి చాలామందికి స్కానింగే అక్కర్లేదు. చేతి దగ్గర, చీలమండ దగ్గర బీపీ చూసి పోల్చే పరీక్ష ఒకటుంది, దాన్ని ఏబీఐ అంటారు. చేతి దగ్గర పై బీపీ 150, చీలమండ దగ్గర 90 వచ్చిందనుకోండి. 90ని 150తో భాగిస్తే 0.6. ఈ అంకె 0.9 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే కాలి ధమనుల్లో అడ్డంకి ఉన్నట్టే. కావలసిందల్లా బీపీ పట్టీ, పెన్నులాంటి చిన్న డాప్లర్, ఓపికున్న మనిషి.

షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్లలోనూ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలోనూ ఇది ఒక్కోసారి మోసం చేస్తుంది. ధమని గోడలో సున్నం పేరుకుపోయి గట్టిపడితే ఎంత గాలి కొట్టినా పట్టీ దాన్ని నొక్కలేదు. అప్పుడు అంకె 1.4 దాటిపోతుంది. చూసినవాళ్లు “బీపీ బ్రహ్మాండంగా ఉంది” అనుకుంటారు. అలాంటప్పుడు కాలి బొటనవేలి దగ్గర బీపీ చూడాలి, వేలి నాళాలకు సున్నం అంత తొందరగా పట్టదు. బొటనవేలి అంకెను చేతి అంకెతో భాగిస్తే 0.7 కంటే తక్కువ వస్తే తేడా ఉన్నట్టు.

ఏబీఐ అయ్యాక డాక్టరును అడగాల్సింది ఒకటుంది: “ఇప్పుడు ఈ కాలికి బెలూనో, స్టెంటో, బైపాసో చేసే ఆలోచన ఉందా?” లేదు అంటే బొమ్మ తీయించుకోకండి. మూడొందల మీటర్లు నడిచేసరికి పిక్క పట్టేసి, రెండు నిమిషాలు నిలబడితే సర్దుకునేవాళ్లు ఎంతోమంది. వాళ్లకు మొదట చేసే వైద్యం బీడీ, సిగరెట్ మానడం, రక్తం పలుచబడే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, షుగరు అదుపు, నొప్పి వచ్చేదాకా నడిచి ఆగి మళ్లీ నడిచే అభ్యాసం. బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2012లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే వరస ఉంది: ఒకరి పర్యవేక్షణలో వారానికి రెండు గంటల చొప్పున మూడు నెలలు వ్యాయామం ముందు, బెలూన్ తర్వాత. ఈ దశలో సీటీ తీయిస్తే వచ్చేది చాలావరకు టెన్షనే. రిపోర్టులో “తొడ ధమని పూర్తిగా మూసుకుపోయింది” అని చదివి ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నిద్రపోరు. పక్కదారుల్లో చిన్న నాళాలు పెరిగి అదే కాలు ఇన్నేళ్లుగా ఆ మనిషిని పొలానికి తీసుకెళ్లి తీసుకొస్తోందన్న మాట రిపోర్టులో కనపడదు.

రాత్రిళ్లు పాదం నొప్పితో మెలకువ వచ్చి, కాలు మంచం కిందికి వేలాడదీస్తే గానీ తగ్గనివాళ్లది, మానని పుండు ఉన్నవాళ్లది, వేలు నల్లబడుతున్నవాళ్లది వేరే దారి. వాళ్లకు బొమ్మ కావాలి, వారాల తరబడి ఆగకుండా కావాలి. ఇక గంటల్లో కాలు తెల్లబోయి, చల్లబడి, కదపలేకపోతే ఈ పోలికలన్నీ పక్కన పెట్టేయండి. రక్తం పూర్తిగా ఆగిన కండరం దాదాపు ఆరు గంటల్లో పాడవడం మొదలవుతుంది. స్కానింగ్ సెంటర్ల చుట్టూ తిరగకుండా వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల సర్జన్), క్యాథ్ ల్యాబ్ (నాళంలోకి గొట్టం పంపి వైద్యం చేసే గది) ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. ఏ బొమ్మ కావాలో అక్కడ వాళ్లే చూసుకుంటారు.

డాప్లర్: చౌకే, చేసే చేతిని బట్టి

తోటకు నీళ్లు పట్టేటప్పుడు పైపు నోటికి వేలు అడ్డం పెడితే ధార ఎగిరి దూకుతుంది కదా, డాప్లర్ పట్టుకునేది దాన్నే. నాళం సన్నబడ్డ చోట రక్తం వేగం పెరుగుతుంది. పక్కనున్న మంచి భాగంతో పోలిస్తే వేగం రెట్టింపో ఆపైనో ఉంటే అక్కడ సగానికి పైగా మూసుకుపోయినట్టు లెక్క. రేడియేషన్ లేదు, సూది లేదు, కిడ్నీకి ప్రమాదం లేదు. ఎన్నిసార్లయినా చేయొచ్చు. ధర మా వైపు సీటీ యాంజియోలో మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది.

అసలు ఖర్చు సమయం. గజ్జ నుంచి పాదం దాకా రెండు కాళ్లూ పద్ధతిగా చూడాలంటే ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. బ్రిటన్లో ఈ పని చేయడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన వాస్క్యులర్ టెక్నాలజిస్టులు ఉంటారు. మన దగ్గర లింగనిర్ధారణ నిరోధక చట్టం వల్ల అల్ట్రాసౌండ్ ప్రోబ్ డాక్టరే పట్టుకోవాలి. ఆ చట్టం ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు, తప్పుపట్టడం లేదు. కానీ బయట నలభై మంది గర్భిణులు, కడుపునొప్పి వాళ్లు కూర్చుని ఉంటే, లోపలున్న ఒక్క రేడియాలజిస్టు ఒక కాలికి గంట ఎక్కడి నుంచి తెస్తారు? పది నిమిషాల్లో ముగిసిన డాప్లర్లు నేను చూశాను. వాటి రిపోర్టు దాదాపు ఒకే మాదిరిగా ఉంటుంది: “మోకాలి కింద మోనోఫేజిక్ ఫ్లో (అంటే రక్తం నీరసంగా పారుతోందని), పైన అడ్డంకి ఉండే అవకాశం, సీటీ యాంజియో సూచించడమైనది.” అడ్డంకి ఉందని ఏబీఐ ముందే చెప్పింది కదా! డబ్బు పెట్టి కొత్తగా తెలుసుకున్నది ఏమీ లేదు.

మంచి డాప్లర్ రిపోర్టు ఎలా ఉంటుందో చెబుతాను, పట్టుకుని చూసుకోండి. గజ్జ దగ్గరి ధమని, తొడ ధమని, మోకాలి వెనక ధమని, పిక్కలోని మూడు ధమనులు, పాదం పైది, ఇలా ఒక్కోదాని పేరు, ఎదురుగా వేగం అంకె. అడ్డంకి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, పొడవు ఎన్ని సెంటీమీటర్లు, దాని కింద నాళం మళ్లీ ఎక్కడ నిండుతోంది. చేత్తో గీసిన కాలి బొమ్మ ఉంటే ఇంకా మంచిది. ఇవన్నీ ఉంటే చాలాసార్లు సర్జన్ దాంతోనే నిర్ణయం తీసుకోగలరు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి: “ధమనుల డాప్లర్ ఏ డాక్టరు చేస్తారు? ఏ టైముకి వస్తే తీరిగ్గా చూస్తారు?” మా సెంటర్లో అయితే మధ్యాహ్నం మూడు తర్వాత రమ్మంటాను.

డాప్లర్ చూడలేని చోట్లూ ఉన్నాయి. పొట్టలోంచి గజ్జకు దిగే ఇలియాక్ ధమనుల ముందు పేగుల్లో గాలి అడ్డం వస్తుంది, లావుపాటి పొట్టయితే మరీ కష్టం. అందుకే పరగడుపున రమ్మంటారు. పిక్కలో సున్నం దట్టంగా ఉంటే దాని నీడలో రక్తప్రవాహం కనపడదు. కాలి మీద పెద్ద పుండు, కట్టు ఉంటే అక్కడ ప్రోబ్ పెట్టలేం.

సీటీ యాంజియో: వేగం, స్పష్టత, మధ్యలో సున్నం

అందరూ అడిగేది ఇదే. పొట్ట పైభాగం నుంచి కాలివేళ్ల దాకా ఒక్క ఊపులో తీసేస్తుంది, మిషన్ తిరిగేది నిమిషం లోపే. చేతి నరానికి (ఇక్కడ నరమంటే సిరే) సూది పెట్టి సుమారు వంద మిల్లీలీటర్ల అయోడిన్ డై (నాళాలు బొమ్మలో కనపడేలా చేసే మందు) ఎక్కిస్తాం. ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడిగా పాకుతుంది, మూత్రం అయిపోయిందేమో అనిపిస్తుంది. అవలేదులెండి, ముందే చెబితే కంగారు ఉండదు.

సీటీ గొప్పదనం పొట్టలోని పెద్ద ధమనిలో, ఇలియాక్‌లలో, తొడలో కనిపిస్తుంది. ఎక్కడ మూసుకుంది, ఎంత పొడవు, స్టెంట్ పట్టే చోటు ఉందా, సర్జన్ కుట్టు వేయదలచిన చోట గోడ మెత్తగా ఉందా సున్నంతో రాయిలా ఉందా అన్నీ ఒకేసారి తెలుస్తాయి. పాత స్టెంట్ ఉన్నా కొంతవరకు లోపలికి చూడొచ్చు.

చిక్కంతా మోకాలి కింద. సీటీలో సున్నం తెల్లగా మెరుస్తుంది, డై కూడా తెల్లగానే మెరుస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల నాళంలో ఆ మెరుపు పక్కకు పరుచుకుని, లోపల దారి ఉందో లేదో తెలియకుండా కప్పేస్తుంది. ఇరవై ఏళ్ల షుగరు ఉన్నవాళ్ల పిక్కలో ఈ సీన్ మామూలే. ఇంకొకటి, ఇది మా పనివాళ్లకు బాగా తెలిసింది: పైన అడ్డంకుల వల్ల డై నెమ్మదిగా దిగుతుంటుంది. మిషనేమో కొత్తది, వేగం ఎక్కువ. డై మోకాలు దాటేసరికి మిషన్ పాదం దాటి ఆగిపోతుంది. బొమ్మలో పిక్క ధమనులు ఖాళీగా కనిపిస్తాయి, చూసినవాళ్లు మూసుకుపోయాయనుకుంటారు. అందుకే తెలిసినవాళ్లు మోకాలి నుంచి కిందికి వెంటనే రెండోసారి కూడా తీస్తారు. పాదానికి పుండు ఉందని టెక్నీషియన్‌కు ముందే చెప్పండి, మిషన్ నెమ్మదిగా నడుపుతాం.

తర్వాతి సంగతి కిడ్నీ. రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి తృప్తి పడకండి, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె) లెక్క వేయించండి. క్రియాటినిన్ 1.4 ఉన్న నలభై ఏళ్ల మగమనిషికి ఈజీఎఫ్ఆర్ దాదాపు 65 వస్తుంది. అదే 1.4 డెబ్భై రెండేళ్ల ఆవిడకు అయితే 40. అంకె ఒకటే, కిడ్నీలు వేరు. 30 కంటే తక్కువైతే డై వాడే ముందు కిడ్నీ డాక్టరును అడగాల్సిందే. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర కూడా 30 లోపు ఉన్నవాళ్లే ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ చూసుకుని మళ్లీ మొదలుపెట్టాలన్నది ఇప్పుడు ఎక్కువమంది పాటించే పద్ధతి. కొన్ని సెంటర్లు అందరికీ ఆపమంటాయి, మీ డాక్టరు చెప్పింది చేయండి. రేడియేషన్ గురించి డెబ్భై ఏళ్లవాళ్లు బెంగ పెట్టుకోనక్కర్లేదు, కాలు పోయే ప్రమాదం ముందు అది చిన్న విషయం.

ఎమ్మార్ యాంజియో ఎవరికి?

పుస్తకాల ప్రకారం చూస్తే దీనికే ఎక్కువ మార్కులు. 2007లో బ్రిటన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూడగట్టి చూశారు. సగానికి పైగా మూసుకున్న చోటును పట్టుకోవడంలో డై ఇచ్చి తీసిన ఎమ్మార్ సగటున నూటికి 95, సీటీ 91, డాప్లర్ 88. సున్నం ఎమ్మార్‌లో కనపడదు కాబట్టి పిక్క నాళాల దగ్గర సీటీకొచ్చే తిప్పలు దీనికి రావు. నైస్ కూడా వరస అలాగే పెట్టింది: ముందు డాప్లర్, చాలకపోతే ఎమ్మార్, అది కుదరనివాళ్లకే సీటీ.

ఆ వరస బ్రిటన్‌ది. మన జిల్లా కేంద్రాల్లో ఎమ్మారై మిషన్లు ఉన్నా, వాటి మీద రోజంతా నడుములు, మోకాళ్లు, తలలు. కాలి యాంజియో నెలకు ఒకటో రెండో తీసే చోట డై వేళ తప్పుతుంది, ధమనులతో పాటు సిరలు కూడా నిండి బొమ్మంతా కలగాపులగం అవుతుంది. పుండు ఉండి చీము పట్టిన పాదంలో రక్తం తొందరగా సిరల్లోకి తిరిగి వచ్చేస్తుంది కాబట్టి ఈ గొడవ ఇంకా ఎక్కువ. స్టెంట్ ఉంటే ఆ ముక్క నల్లగా ఖాళీగా వస్తుంది, మూసుకుపోయిందని పొరబడతారు. ఎమ్మారైకి పనికొచ్చే రకం కాని పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, మూసి ఉన్న గొట్టంలో అరగంట పైగా కదలకుండా పడుకోలేనివాళ్లు దీనికి పనికిరారు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఎమ్మారైలో వాడే పాత రకం గాడోలినియం డైల వల్ల చర్మం గట్టిపడే జబ్బు వస్తుందని 2006లో బయటపడింది. కొత్త రకాలతో ఆ ప్రమాదం చాలా తక్కువ, అయినా ఏ రకం వాడుతున్నారో అడగడం తప్పు కాదు. నా మాటగా చెప్పాలంటే: కాలి ఎమ్మార్ యాంజియోలు తరచూ చేసే పెద్ద ఆస్పత్రిలో అయితే సరే, లేకపోతే వద్దు.

డీఎస్ఏ, అంటే నేరుగా యాంజియోగ్రామ్

గజ్జలోంచి సన్నటి గొట్టం పంపి, ధమనిలోనే డై వదిలి సినిమాలా తీసేది. పాదంలోని చిన్న నాళాలు దీనికి కనిపించినంత స్పష్టంగా ఇంకే స్కాన్‌కూ కనపడవు. బీడీలు తాగే ముప్పై, నలభై ఏళ్ల మగవాళ్లకు వచ్చే బర్జర్స్ జబ్బులో పిక్కలోని నాళాలు మెలికలు తిరిగి కనిపిస్తాయి, ఆ మెలికలు బాగా తెలిసేది ఇందులోనే.

దీని అసలు లాభం వేరే ఉంది. బొమ్మ తీసిన బల్ల మీదే వైద్యం కూడా అయిపోతుంది. బెలూన్ వైద్యానికి దారి పడిందే అలా. అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు 1963లో బొమ్మ తీయడానికి గొట్టం పంపుతుంటే మూసుకున్న ధమని అనుకోకుండా తెరుచుకుంది. మరుసటి ఏడు జనవరి 16న, కాలు తీయించుకోనని మొండికేసిన 82 ఏళ్ల ఆవిడ తొడ ధమనిని ఆయన కావాలనే అలా తెరిచాడు. ఆవిడ కాలు నిలిచింది.

అందుకని కేవలం చూడ్డానికి ఒకరోజు డీఎస్ఏ, వారం తర్వాత బెలూన్‌కు మళ్లీ అదే గజ్జలో సూది అంటే నాకు నచ్చదు. రెండుసార్లు అడ్మిషన్, రెండుసార్లు డై. తర్వాత కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవడం, గజ్జలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా రెండుసార్లు. ముందే అడగండి: “అవకాశం ఉంటే అప్పుడే బెలూన్ వేసేస్తారా? దానికి ఒప్పుకోలు, డబ్బు, ఆరోగ్యశ్రీ అనుమతి ఇప్పుడే తీసుకుంటారా?” కిడ్నీ బాగోలేనివాళ్లకు అయోడిన్ డై బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువు వదిలి బొమ్మ తీసే పద్ధతి కూడా ఉంది, అన్నిచోట్లా చేయరు.

చౌక ఎక్కడ చౌక కాకుండా పోతుంది?

ఇక డబ్బు లెక్క. నైస్ డాప్లరే ముందు అంది. 2007 బ్రిటన్ లెక్కల్లోనూ కాలంతా చూడాలంటే డాప్లరే తక్కువ ఖర్చులో ఎక్కువ ఫలితం ఇస్తుందని తేలింది. కానీ 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో, నెదర్లాండ్స్‌లో రోగులను లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేసి పోల్చినప్పుడు, సీటీతో మొదలుపెడితేనే ఖర్చు తగ్గుతుందని తేలింది. ఇద్దరిలో ఒకరు తప్పు అనుకోనక్కర్లేదు. ఊహించిన ధరలతో లెక్క వేసి చూడండి.

డాప్లర్ మూడు వేలు, సీటీ పది వేలు అనుకుందాం. పది మందికి నేరుగా సీటీ తీస్తే లక్ష. పది మందికీ ముందు డాప్లర్ చేస్తే ముప్పై వేలు. వాళ్లలో ఐదుగురికి అది చాలక సీటీకి పంపితే ఇంకో యాభై వేలు. మొత్తం ఎనభై వేలు, డాప్లర్ గెలిచింది. ఎనిమిది మందిని పంపితే? ముప్పై ప్లస్ ఎనభై, లక్షా పదివేలు. సీటీ గెలిచింది. గీత ఏడుగురి దగ్గర ఉంది. అంటే మీ ఊళ్లో డాప్లర్ చేయించుకున్న పదిమందిలో ఎంతమందికి మళ్లీ సీటీ రాస్తున్నారన్నది ధరల పట్టిక కంటే ముఖ్యం. ఇది చెప్పగలిగినవాళ్లు వైద్యం చేసే సర్జన్లే. ఏ సెంటర్ రిపోర్టును నమ్మి ఆపరేషన్ చేస్తారో వాళ్లకు తెలుసు. అందుకే ముందు సర్జన్ దగ్గరికి, తర్వాత స్కాన్‌కు. మన దగ్గర ఎక్కువగా ఇది తలకిందులుగా జరుగుతుంది.

దీనికి మార్కాపురం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చేవాళ్ల బస్సు చార్జీలు, తోడు వచ్చినవాళ్ల కూలి, రాత్రి బస కలపండి. రెండో పరీక్ష అంటే రెండో ప్రయాణం. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఒక్క ట్రిప్పులో తేలిపోయే పరీక్ష, ధర ఎక్కువైనా, చౌక.

ఎవరికి ఏది అని నన్ను అడిగితే

పిరుదు, తొడ కూడా నొప్పి పెడుతుంటే, గజ్జ దగ్గర నాడి దొరకకపోతే అడ్డంకి పైన పొట్టలో ఉన్నట్టు. కిడ్నీ బాగుంటే నేరుగా సీటీ. అక్కడ డాప్లర్‌కు పెట్టే డబ్బు చాలావరకు వృథా.

గజ్జ నాడి బాగా కొట్టుకుంటోంది, పిక్క మాత్రమే పట్టేస్తోంది, డాక్టరు బెలూన్ ఆలోచనలో ఉన్నారు: మంచి చెయ్యి దొరికితే డాప్లర్. తొడ ధమని దానికి చక్కగా కనిపిస్తుంది.

చాలా ఏళ్ల షుగరు, పాదానికి పుండు, మోకాలి వెనక నాడి తగులుతోంది: జబ్బు పిక్కలో ఉంది, సున్నం ఎలాగూ ఉంటుంది. సీటీ ఇక్కడ తరచూ నిరాశపరుస్తుంది. డాప్లర్‌తో పైన దారి బాగుందని చూసుకుని, వైద్యం చేసే ఉద్దేశంతోనే క్యాథ్ ల్యాబ్‌కు వెళ్లడం మేలని నా అభిప్రాయం. మా పల్నాడు పెద్దాయనకు జరిగింది ఇదే. క్రియాటినిన్ 1.9, ఈజీఎఫ్ఆర్ 38. సీటీ తీయకూడదని కాదు, తీసినా పిక్కలో ఏమీ తేలదు, పైగా క్యాథ్ ల్యాబ్‌లో ఎలాగూ మళ్లీ డై వాడాలి. డాప్లర్‌లో తొడ నాళం శుభ్రంగా ఉంది, పిక్క ముందువైపు ధమని మూసుకుంది. సర్జన్ నేరుగా యాంజియోకు తీసుకుని, తక్కువ డైతో, అప్పుడే బెలూన్ వేశారు. వేలు కొస పోయింది, పాదం నిలిచింది.

బైపాస్ అనుకుంటుంటే సీటీ ఉన్నా సరే, కాలి సిర ఎంత లావుందో చూడ్డానికి ఒక డాప్లర్ విడిగా కావాలి. పాత నాళం బదులు వేసేది ఆ సిరే కాబట్టి, అది మూడు మిల్లీమీటర్లయినా ఉందా అని సర్జన్ చూస్తారు. ఈ ఒక్క సందర్భంలో వీనస్ డాప్లర్ రాస్తే “మళ్లీ తప్పు రాశారు” అనుకోకండి.

ఇంతకుముందే స్టెంటో బైపాసో అయి, మళ్లీ నొప్పి మొదలైతే డాప్లర్‌తోనే మొదలుపెట్టండి.

చివరగా సీడీ సంగతి. నా సొంత మేనమామకు ఇంకో ఊళ్లో ఒక సెంటర్లో సీటీ తీశారు. నాలుగు ఫిల్ములు, రెండు పేజీల రిపోర్టు ఇచ్చి పంపారు. హైదరాబాద్‌లో సర్జన్ ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూసి, “సీడీ ఏది?” అన్నారు. ఫోన్ చేస్తే నెల దాటింది కాబట్టి డేటా తీసేశామన్నారు. మళ్లీ డై, మళ్లీ పది వేలకు పైన. అసలు బొమ్మ వందల ముక్కల్లో ఉంటుంది, సర్జన్ దాన్ని కంప్యూటర్లో తిప్పి తిప్పి చూసుకోవాలి. ఫిల్ము మీదుండేది మేం ఏరి వేసిన కొన్ని మాత్రమే. కాబట్టి డబ్బు కట్టేటప్పుడే “సన్నటి ముక్కలతో సహా మొత్తం డేటా సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇస్తారా” అని అడగండి. ఇంటికెళ్లే ముందు మా కంప్యూటర్లోనే ఒకసారి తెరిపించి చూడండి, మేమేమీ అనుకోం. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉన్నవాళ్లు బయట స్కాన్‌కు డబ్బు కట్టే ముందు, వైద్యం చేయబోయే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. ఏ పరీక్ష ప్యాకేజీలో కలుస్తుందో, అనుమతికి ఏ రిపోర్టు జత చేయాలో అక్కడే తెలుస్తుంది.